చిన్నబిడ్డతో నర్సింగ్ చదువు: నెల్లూరు, ఒంగోలు వైపు అక్కచెల్లెళ్ళు పదేపదే అడిగే ప్రశ్నలు

మా పాపకి ఇరవై నెలలప్పుడు నేను జీఎన్ఎంలో (మూడేళ్ళ నర్సింగ్ డిప్లొమా) చేరాను. తర్వాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ (జీఎన్ఎం అయినవాళ్ళు పైకి చదివే రెండేళ్ళ డిగ్రీ) చేశాను. ఇప్పుడు స్టాఫ్ నర్సుగా ఉన్నాను. వార్డులో పేషెంటు తాలూకు ఆడపిల్లలు, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు, బంధువుల ఇళ్ళలో కోడళ్ళు అందరూ దాదాపు ఇవే అడుగుతారు. ఒక్కొక్కరికీ సగం సగం చెప్పి వదిలేయడం ఇష్టం లేక, అన్నీ ఒకచోట రాశాను. మీకు ఏది కావాలో అది చదువుకోండి.

## చేరాలా వద్దా అనుకుంటున్నప్పుడు

పాపకి రెండేళ్ళు. ఇప్పుడే చేరమంటారా, బడికి పోయేదాకా ఆగమంటారా?

బిడ్డ వయసు కంటే ముందు ఒక మనిషి పేరు చెప్పండి. పొద్దున ఆరున్నరకి మీరు గడప దాటేటప్పుడు బిడ్డ ఎవరి చేతిలో ఉంటుంది? "ఎవరో ఒకరు చూస్తారులే" అంటే ఇంకా సిద్ధంగా లేనట్టే. అమ్మో, అత్తో, ఆడబిడ్డో, పక్కింటి పెద్దమ్మో, ఎవరైనా సరే, ఆ మనిషి మూడు నాలుగేళ్ళు చూడటానికి నోటితో ఒప్పుకోవాలి. ఆమెకి జ్వరమొస్తే చూసే రెండో మనిషి పేరు కూడా ఉండాలి. ఈ రెండు పేర్లూ ఉంటే రెండేళ్ళ బిడ్డతోనైనా చేరవచ్చు. లేకపోతే ఐదేళ్ళ బిడ్డతోనూ కష్టమే, ఎందుకంటే బడి నాలుగింటికి వదిలితే మీ క్లాసు ఐదింటికి వదులుతుంది. కాలేజీ వెతకడం ఆ తర్వాత.

నాకు 31 ఏళ్ళు. ఇంకా సీటు ఇస్తారా?

ఇస్తారు. చేరే ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 నిండాలి, గరిష్ఠం 35. జీఎన్ఎంకీ, బీఎస్సీకీ ఇదే. చదువు అయ్యాక ఉద్యోగానికి వయసు లెక్క వేరుగా ఉంటుంది. ఎయిమ్స్ ఆసుపత్రుల కోసం పెట్టే నార్సెట్ పరీక్షకి 30 ఏళ్ళు పరిమితి, రిజర్వేషన్ వాళ్ళకి సడలింపు ఉంది. మన రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రుల కాంట్రాక్టు స్టాఫ్ నర్సు పోస్టులకి మాత్రం 42 దాకా అవకాశం ఇస్తూ వచ్చారు, బీసీ, ఎస్సీ, ఎస్టీలకి ఇంకో ఐదేళ్ళు. కాబట్టి 31లో చేరితే ఢిల్లీ ఎయిమ్స్ దారి ఇరుకు, నెల్లూరు, ఒంగోలు దారి బాగానే తెరిచి ఉంది.

పెళ్ళయినోళ్ళని, పిల్లలున్నోళ్ళని చేర్చుకోరంట కదా?

నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లో పెళ్ళి అడ్డు కాదు. కొన్ని ప్రైవేటు కాలేజీల్లో "హాస్టల్లోనే ఉండాలి" అని మెలిక పెడతారు, కొన్నిచోట్ల నోటిమాటగా వద్దంటారు. మొదటి రోజే "నాకు బిడ్డ ఉంది, నేను ఇంటి నుంచి వస్తాను" అని ప్రిన్సిపాల్ మేడంతో నేరుగా చెప్పండి. దాచిపెట్టి చేరకండి. దాచినవాళ్ళు బిడ్డకి వాంతులు అవుతున్నాయని ఫోన్ వచ్చినా నోరు తెరవలేక వార్డు బాత్‌రూంలో ఏడ్చారు, నేను చూశాను.

ఇంటర్‌లో సీఈసీ చదివాను. నర్సింగ్‌కి పనికిరాదా?

జీఎన్ఎంకి పనికొస్తుంది. ఇంగ్లీషు పాసై, మొత్తం మీద 40 శాతం ఉంటే చాలు, సైన్సు వాళ్ళకి ముందు ప్రాధాన్యం ఇస్తారు. బీఎస్సీ నర్సింగ్‌కి మాత్రం ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీతో పాటు ఇంగ్లీషు ఉండి 45 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీలకి 40. ఓపెన్ స్కూల్ ఇంటర్ కూడా చెల్లుతుంది, సైన్సు సబ్జెక్టులు, ఇంగ్లీషు ఉండాలి. పెళ్ళయి చదువు ఆగినవాళ్ళు చాలామంది ఆ దారిలోనే వస్తున్నారు.

ఏఎన్ఎం, జీఎన్ఎం, బీఎస్సీ... బిడ్డతో ఏది మేలు?

ఏఎన్ఎం రెండేళ్ళు, జీఎన్ఎం మూడేళ్ళు, బీఎస్సీ నాలుగేళ్ళు. చాలామంది "తక్కువ ఏళ్ళది చేస్తాను, బిడ్డ ఉంది" అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ జీఎన్ఎం చేసి పైకి పోవాలంటే పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఇంకో రెండేళ్ళు, అంటే మొత్తం ఐదు. నాలుగులో అయ్యేది ఐదులో చేశాను.

అయినా నేను జీఎన్ఎంలో చేరినందుకు బాధపడటం లేదు. మూడేళ్ళకే చేతికి జీతం వచ్చింది, పాప ఒకటో తరగతి ఫీజు నేనే కట్టాను. ఇంట్లో డబ్బు ఇబ్బంది ఉండి, త్వరగా సంపాదన మొదలవ్వాలంటే జీఎన్ఎం. బైపీసీ మార్కులు ఉండి, నాలుగేళ్ళు ఇంటి ఖర్చు నడిపేవాళ్ళు ఉంటే నేరుగా బీఎస్సీ. ఎంఎస్సీ, టీచింగ్, విలేజ్ క్లినిక్ ఉద్యోగాలు అన్నిటికీ బీఎస్సీనే అడుగుతారు. ఏఎన్ఎం ప్రధానంగా ఊళ్ళో పని: టీకాలు, గర్భిణుల నమోదు, ఇంటింటి సర్వే. సచివాలయం, సబ్ సెంటర్ పనే కావాలనుకుంటే అది మంచిదే, పెద్దాసుపత్రి స్టాఫ్ నర్సు కావాలంటే అది సరిపోదు.

జీఎన్ఎం తీసేస్తారని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు భయపెడతారు. అడ్మిషన్లు జరుగుతూనే ఉన్నాయి. చదివినవాళ్ళ రిజిస్ట్రేషన్ ఎక్కడికీ పోదు.

అత్తగారింట్లో ఒప్పుకోవడం లేదు. ఎట్లా చెప్పాలి?

"నేను చదువుకుంటాను" అన్నంతవరకు మా ఇంట్లోనూ ఎవరూ వినలేదు. ఒక కాగితం మీద వారం రోజుల పట్టిక రాసుకుని పోయి మా అత్త ముందు కూర్చున్నాను. పొద్దున ఎన్నింటికి లేస్తాను, వంట ఎంతవరకు చేసిపెడతాను, పాపకి ఎవరు అన్నం పెడతారు, ఆదివారం ఏం చేస్తాను, అన్నీ రాశాను. ఆమె భయం చదువు గురించి కాదు, తన నడుం నొప్పితో బిడ్డను ఎత్తుకోలేనేమో అని. అది అంతకుముందు నాకు చెప్పలేదు. మధ్యాహ్నం రెండు గంటలు పక్కింటి అమ్మాయికి నెలకి కొంత ఇచ్చి తోడు పెట్టాం, గొడవ తీరింది. ఆ ఏడాది రొట్టెల పండక్కి ఆమే నన్ను బారాషహీద్ దర్గాకి తీసుకుపోయి, స్వర్ణాల చెరువులో నా కోసం చదువు రొట్టె పట్టింది. పాసయ్యాక రొట్టె వదలడానికి మళ్ళీ ఇద్దరం పోయాం.

అందరి ఇళ్ళలో ఇలా కాదు. కానీ కాదన్నవాళ్ళను "ఎందుకు?" అని ఒకసారి కూర్చుని అడగండి. చాలాసార్లు సమాధానం మనం ఊహించింది కాదు.

## కాలేజీ ఎంచుకునేటప్పుడు

కాలేజీకి గుర్తింపు ఉందో లేదో ఎక్కడ చూడాలి?

మూడు చోట్ల. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్లో ఆ ఏడాది కాలేజీల జాబితా, ఆంధ్రప్రదేశ్ నర్సింగ్ కౌన్సిల్ జాబితా, బీఎస్సీ అయితే విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ అనుబంధ కాలేజీల జాబితా. కాలేజీ పేరు, కోర్సు పేరు, సీట్ల సంఖ్య మూడూ సరిపోవాలి. జీఎన్ఎంకి అనుమతి ఉన్న కాలేజీకి బీఎస్సీకి అనుమతి ఉన్నట్టు కాదు. ఆరు నెలల "నర్సింగ్ అసిస్టెంట్", ఏడాది "హోమ్ నర్సింగ్" కోర్సులు చేస్తే స్టాఫ్ నర్సుగా రిజిస్టర్ కాలేరు. ఇంట్లో కూర్చుని దూరవిద్యలో నర్సు అయ్యే దారి లేదు.

కాలేజీ చూడటానికి పోతే ఏం గమనించాలి?

భవనం చూడకండి, ఆసుపత్రి చూడండి. కాలేజీకి సొంతంగా కనీసం 100 పడకల ఆసుపత్రి ఉండాలని నిబంధన. పడకలు ఉంటే చాలదు, వాటి మీద పేషెంట్లు ఉండాలి.

నేను మొదట చూడటానికి పోయిన ఒక కాలేజీలో రిసెప్షన్, టైల్స్, స్కిల్ ల్యాబ్ అన్నీ మెరిసిపోతున్నాయి. ఆసుపత్రి చూపించమంటే "ఇప్పుడు టైమ్ కాదు" అన్నారు. నీళ్ళ బాటిల్ కొనుక్కునే వంకతో వెనక గేటు నుంచి పోయి చూశాను. మగవాళ్ళ వార్డులో ఇరవై మంచాలు, ఇద్దరు పేషెంట్లు. మిగతా పరుపులకి ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. ఆ కాలేజీ పిల్లల్ని క్లినికల్ (వార్డులో పేషెంట్ల దగ్గర నేర్చుకునే పని) కోసం రోజూ గంటన్నర బస్సులో వేరే ఊరికి తోలేవాళ్ళు. పోను రాను మూడు గంటలు. బిడ్డ ఉన్న మనిషికి ఆ మూడు గంటలు చాలా విలువైనవి. అక్కడ చేరలేదు.

ఉదయం పదింటికి పోండి, ఓపీ దగ్గర నిలబడి జనం ఎంతమంది వస్తున్నారో చూడండి. వార్డులో ఉన్న ఫైనల్ ఇయర్ అమ్మాయిని పక్కకి పిలిచి అడగండి: "నువ్వు సొంతంగా ఎన్ని కాన్పులు చూశావు? ఐవీ లైన్ నువ్వే పెడతావా, చూస్తావా?" ఆమె ముఖంలోనే తెలుస్తుంది. టీచర్లు పది మంది విద్యార్థులకి ఒకరు ఉండాలి. బోర్డు మీద పేర్లు ఎన్ని ఉన్నా, ఆ రోజు స్టాఫ్‌రూంలో ఎంతమంది కూర్చున్నారో లెక్కపెట్టండి.

ఊరు పేరు చూసి మోసపోవద్దు. నెల్లూరులో దర్గామిట్ట పెద్దాసుపత్రి, ఒంగోలులో ఇప్పటికీ అందరూ రిమ్స్ అని పిలిచే ప్రభుత్వాసుపత్రి లాంటి చోట్ల పేషెంట్లకి కొదవ ఉండదు. మీ కాలేజీ క్లినికల్స్‌కి ఎక్కడికి పంపుతుందో రాతపూర్వకంగా అడగండి.

నేను చదివింది ఒంగోలులో, మెట్టినిల్లు నెల్లూరు. నేను ఎక్కడ లోకల్?

ఇది చాలామందికి కౌన్సెలింగ్ రోజు తెలిసి టెన్షన్ పడతారు. కన్వీనర్ సీట్లలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో, 85 శాతం లోకల్ వాళ్ళకి. నెల్లూరు శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతంలో ఉంది, ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతంలో ఉంది. పక్కపక్క జిల్లాలే అయినా లోకల్ ప్రాంతం వేరు. పెళ్ళితో లోకల్ మారదు. ఇంటర్ పూర్తయ్యేదాకా వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివారో అదే మీ లోకల్. అంటే మీరు నెల్లూరులో కాపురం ఉన్నా ఆంధ్రా యూనివర్సిటీ లోకల్. మీకు గుంటూరు వైపు కాలేజీల్లో సీటు సులువు, నెల్లూరులో మిగిలిన 15 శాతంలో పోటీ పడాలి. స్టడీ సర్టిఫికెట్లు పుట్టింటి నుంచి ఇప్పుడే తెప్పించుకోండి. రెగ్యులర్‌గా చదవని ఏళ్ళుంటే తహసీల్దారు ఆఫీసు నుంచి నివాస ధ్రువపత్రం కావాలి.

ఆధార్‌లో మెట్టినింటి ఇంటిపేరు వేయించాను. ఇబ్బందా?

అవును, ఇబ్బందే. కాలేజీ, యూనివర్సిటీ, కౌన్సిల్ అన్నీ పదో తరగతి సర్టిఫికెట్ పేరునే పట్టుకుంటాయి. ఆధార్, బ్యాంకు ఖాతా పేర్లు దానికి సరిపోకపోతే ఫీజు రీయింబర్స్‌మెంట్ దగ్గర ఆగిపోతుంది. అప్లికేషన్లు మొదలయ్యే ముందే ఆధార్‌ని టెన్త్ పేరుకి మార్పించుకోండి.

బెంగళూరులో సీటు ఇప్పిస్తానని ఏజెంటు వచ్చాడు. పోవచ్చా?

చిన్నబిడ్డ తల్లికి నేను వద్దనే చెబుతాను. అక్కడ మంచి కాలేజీలు లేవని కాదు. ఏజెంటు చెప్పే ఫీజులో హాస్టల్, యూనిఫాం, పరీక్ష ఫీజు, క్లినికల్ బస్సు ఉండవు, అక్కడికి పోయాక ఒక్కొక్కటే బయటపడతాయి. "హాజరు మేం చూసుకుంటాం, పరీక్షలకి వస్తే చాలు" అన్నవాడిని అసలు గడప ఎక్కనివ్వకండి. వార్డులో నిలబడని నర్సు చేతిలో రేపు మన బిడ్డనే పెట్టాల్సి వస్తే ఎట్లా? వేరే రాష్ట్రంలో చదివితే, తిరిగొచ్చాక రిజిస్ట్రేషన్‌ను మన కౌన్సిల్‌కి మార్పించుకోవాలి, ఆ తిరుగుడు కూడా లెక్కలో పెట్టుకోండి.

కావలి నుంచి నెల్లూరికి రోజూ పోయి రావచ్చా?

వస్తున్నవాళ్ళు ఉన్నారు. యాభై కిలోమీటర్లకు పైనే, క్లినికల్ ఎనిమిదింటికి మొదలైతే మీరు ఆరింటికల్లా బస్టాండులో ఉండాలి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు, డబ్బు భారం తగ్గింది. ఒళ్ళు అలిసేది మాత్రం తగ్గలేదు. ఒకవైపు గంటకి మించితే, రెండో ఏడాదికల్లా చదువో ఆరోగ్యమో దెబ్బతింటుంది. అట్లాంటప్పుడు బిడ్డతో, అమ్మతో కలిసి కాలేజీ దగ్గర ఒక గది అద్దెకి తీసుకోవడం మేలు. కనిగిరి, మార్కాపురం, ఉదయగిరి వైపు వాళ్ళు రోజూ తిరగాలని అసలు అనుకోవద్దు.

ఫీజు సంగతి ఏంటి? లోన్ వస్తుందా?

కన్వీనర్ కోటాలో సీటు వచ్చి, కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపు ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి అడగవచ్చు, 75 శాతం హాజరు చూపాలి. మేనేజ్‌మెంట్ సీటుకి అది రాదు. బ్యాంకు విద్యారుణం 4 లక్షల దాకా చేతి నుంచి ఏమీ పెట్టకుండా, 7.5 లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండా ఇస్తారు, చదువు అయ్యాక ఏడాది దాకా కంతులు మొదలవ్వవు. గుర్తింపు ఉన్న కాలేజీ అయి ఉండాలి. డ్వాక్రా అప్పుతో ఫీజు కట్టకండి, దాని కంతు వచ్చే నెల నుంచే మొదలవుతుంది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేయమంటున్నారు. ఇవ్వాలా?

ఇచ్చేముందు రెండు సెట్లు జిరాక్సు తీసి అటెస్ట్ చేయించుకోండి, ఏ కాగితం ఇచ్చారో పేరుపేరునా రాసి సంతకం, స్టాంపుతో రసీదు తీసుకోండి. మధ్యలో మానేస్తే మొత్తం కోర్సు ఫీజు కట్టాలనే బాండు ఉంటే సంతకం పెట్టే ముందు ఇంటికి తీసుకొచ్చి చదవండి.

## చదువుతున్నప్పుడు

బాబుకి జ్వరమొస్తే సెలవిస్తారా?

సెలవు ఇస్తారు, హాజరు ఇవ్వరు. ఈ తేడా మొదటి రోజే అర్థం చేసుకోండి. ప్రతి సబ్జెక్టులో థియరీకి 80 శాతం, ప్రాక్టికల్‌కి 80 శాతం హాజరు ఉంటేనే పరీక్ష రాయనిస్తారు, కారణం ఏదైనా సరే. మెడికల్ సర్టిఫికెట్ పెట్టినా ఆ శాతం తగ్గదు. డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్స్ 100 శాతం పూర్తి చేయాలి, పోయిన రోజులు తర్వాత చేసి తీరాలి.

నేను ఒక చిన్న నోటుపుస్తకంలో నెలవారీగా రాసుకునేదాన్ని: ఎన్ని క్లాసులు జరిగాయి, ఎన్ని పోయాయి. మొదటి ఆరు నెలల్లో పెళ్ళిళ్ళకీ, ఊరి తిరనాళ్ళకీ ఒక్క రోజు కూడా వాడలేదు. ఆ రోజులన్నీ బిడ్డ కోసం దాచినట్టే. పాపకి వైరల్ జ్వరం వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో పెట్టినప్పుడు ఆ దాపుడు కాపాడింది.

ఇంకా పాలు తాగే బిడ్డ. మాన్పించాల్నా?

మాన్పించనక్కర్లేదు. ఆరు నెలల లోపు బిడ్డకి తల్లిపాలే ఆహారం, ఆ ఆరు నెలలు ఆగి తర్వాత ఏడాది చేరడం మంచిది. ఆరు నెలలు దాటాక పొద్దున, సాయంత్రం, రాత్రి ఇస్తూ పగలు ఉగ్గు, మెత్తటి పప్పన్నం పెట్టించవచ్చు, రెండేళ్ళ దాకా. పాలు పిండి పెట్టి పోయేవాళ్ళు శుభ్రమైన స్టీలు గిన్నెలో మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, 24 గంటల్లో వాడేయండి. బయట ఉంచితే నాలుగు గంటలంటారు, మన నెల్లూరు ఎండల్లో ఆ లెక్కని నమ్మకండి.

క్లినికల్స్ మొదటి వారంలో, సర్జికల్ వార్డులో బీపీలు చూస్తున్నాను. ఏదో మంచం మీద పసిబిడ్డ ఏడ్చింది. నా ఛాతీ బరువెక్కి, తెల్ల యూనిఫాం ముందు భాగం రెండు చోట్ల తడిసిపోయింది. పక్కన మగ పేషెంట్లు. కేసు షీటు అడ్డం పెట్టుకుని నిలబడిపోయాను. వార్డు సిస్టర్ ఒక్క మాట మాట్లాడకుండా తన ఏప్రాన్ విప్పి నా మెడలో వేసి, డ్రెస్సింగ్ రూం తలుపు తీసి పంపింది. అప్పటి నుంచి నా బ్యాగులో రెండు మెత్తటి నూలు గుడ్డలు, ఒక ఏప్రాన్ ఎప్పుడూ ఉండేవి. మీరూ పెట్టుకోండి.

కాలేజీలో క్రెష్ ఉంటుందా? అంగన్‌వాడీ సరిపోతుందా?

50 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలో శిశు సంరక్షణ గది ఉండాలని చట్టం చెబుతుంది. కానీ అది ఉద్యోగులకి, విద్యార్థినులకి కాదు. ఆసుపత్రిలో అలాంటి గది ఉంటే మనల్నీ అనుమతిస్తారేమో అడగడంలో తప్పు లేదు. అంగన్‌వాడీలో మూడేళ్ళు నిండిన బిడ్డని పగలు కూర్చోబెట్టుకుంటారు, తిండి పెడతారు, పాట, మాట నేర్పుతారు. కానీ అది తెరిచే వేళకి మీరు వార్డులో ఉంటారు. పొద్దున దింపడానికి, సాయంత్రం తీసుకురావడానికి ఇంకో మనిషి కావాల్సిందే. టీచరమ్మకి మీ ఫోన్ నంబరుతో పాటు ఆ మనిషి నంబరు కూడా ఇవ్వండి, వార్డులో మీ ఫోన్ ఎత్తలేరు.

ఆసుపత్రి జబ్బులు బిడ్డకి అంటుకోవా?

జాగ్రత్తగా ఉంటే భయపడాల్సినంత లేదు. చేరకముందే హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టండి: ఈరోజు ఒకటి, నెలకి ఒకటి, ఆరో నెలకి ఒకటి. బిడ్డ టీకాలు ఒక్కటీ ఆలస్యం కానివ్వకండి. యూనిఫాం కాలేజీలోనే మార్చుకుని వేరే సంచిలో తెచ్చి విడిగా నానబెట్టండి. ఇంటికి రాగానే బిడ్డ చేతులు చాచుకుని పరిగెత్తుకొస్తుంది. ఆ ఒక్క నిమిషం చాలా కష్టం. మా పాపకి "అమ్మ చేతులు కడిగాక ముద్దు" అని నేర్పాను. కొన్నాళ్ళకి తనే బకెట్ దగ్గర చెంబు పట్టుకుని నిలబడేది. ఫోన్ కూడా తుడవండి, అందరూ మర్చిపోయేది అదే.

నైట్ పోస్టింగులు తప్పించుకోవచ్చా?

తప్పించుకోకండి. కాన్పుల గది పని రాత్రిళ్ళే నేర్చుకుంటారు. తేదీలు ముందుగా అడిగి తీసుకుని, ఆ వారం అమ్మని ఇంటికి పిలిపించుకోండి. బిడ్డకి వారం ముందు నుంచే వేరే మనిషి పక్కన పడుకోవడం అలవాటు చేయండి. బీఎస్సీలో ఎనిమిదో సెమిస్టర్ మొత్తం 22 వారాలు ఇంటర్న్‌షిప్. ఆ ఐదు నెలలకి ఇంటి ఏర్పాటు ఏడాది ముందే చూసుకోండి.

మధ్యలో మళ్ళీ గర్భం వస్తే?

చదువు పోదు, సమయం పోతుంది. హాజరు తగ్గితే ఆ సెమిస్టర్ వెనకబడి తర్వాత బ్యాచ్‌తో రాయాలి. బీఎస్సీ పూర్తి చేయడానికి మొత్తం ఎనిమిదేళ్ళ గడువు ఉంది. దాచకుండా టీచర్‌కి మొదటి నెలలోనే చెప్పండి, ఎక్స్‌రే, క్యాన్సర్ మందులు, టీబీ వార్డు పోస్టింగులు మార్చమని అడగాలి కదా.

## స్పెషాలిటీ గురించి

చేరేటప్పుడే స్పెషాలిటీ ఎంచుకోవాల్నా?

లేదు. జీఎన్ఎం, బీఎస్సీ రెండింటిలోనూ అందరూ అన్నీ చదువుతారు: పెద్దల వైద్యం, పిల్లలు, కాన్పులు, మానసిక ఆరోగ్యం, కమ్యూనిటీ. ఆ తర్వాత దారి చీలుతుంది. ఏ వార్డులో పని చేస్తే ఆ అనుభవం ఒక దారి. ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఇంకో దారి: క్రిటికల్ కేర్, నవజాత శిశువులు, ఆపరేషన్ థియేటర్, క్యాన్సర్, కిడ్నీ, ఇలా చాలా ఉన్నాయి. మూడోది రెండేళ్ళ ఎంఎస్సీ. కాబట్టి మొదటి ఏడాదిలో దీని గురించి నిద్ర పాడుచేసుకోవద్దు. ఏ వార్డు నుంచి ఇంటికి పోయేటప్పుడు అలసట తక్కువగా అనిపించిందో రాసుకుంటూ పోండి.

నాకు పిల్లలంటే ప్రాణం. పిల్లల నర్సింగ్ తీసుకోనా?

ఇంట్లో చిన్నబిడ్డ ఉన్నప్పుడు వెంటనే తీసుకోవద్దని నా సలహా. నేను చాలా ఇష్టపడి పసిపిల్లల ఐసీయూకి పోయాను. కిలో బరువు కూడా లేని బిడ్డ వేళ్ళు నా వేలి గోరు చుట్టూ పట్టుకునేవి. పని నేర్చుకున్నాను, కానీ ఇంటికొచ్చి మా పాప మామూలుగా దగ్గినా లేచి ఊపిరి లెక్కపెట్టేదాన్ని. రాత్రి మూడుసార్లు, నాలుగుసార్లు. ఆరు నెలలకి వేరే వార్డు అడిగాను. పాపకి ఏడేళ్ళు వచ్చాక మళ్ళీ అక్కడికే పోయాను, అప్పుడు హాయిగా చేశాను. అందరికీ ఇట్లాగే అవుతుందని చెప్పను. ముందు ఒక నెల పోస్టింగ్ చేసి, ఇంట్లో మీరు ఎట్లా ఉన్నారో మీ ఆయన్ని అడగండి. మనకంటే ఇంట్లోవాళ్ళకే బాగా కనబడుతుంది.

నైట్ డ్యూటీ లేని విభాగాలు ఏవి?

మన వైపు చాలా ఆసుపత్రుల్లో షిఫ్టులు ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి ఎనిమిది, రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది. వార్డు, ఐసీయూ, కాన్పుల గది అంటే నైట్ తప్పదు. ఓపీ, టీకాల విభాగం, ముందే తేదీ పెట్టుకునే ఆపరేషన్ల థియేటర్, డయాలసిస్ ఎక్కువగా పగటి పని. డయాలసిస్‌లో మొదటి బ్యాచ్ తెల్లవారకముందే ఎక్కుతుంది, అది గుర్తుంచుకోండి. కనిగిరి, పామూరు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు, కిడ్నీ జబ్బుల బాధ అందరికీ తెలిసిందే. ఆ వైపు ఆడపిల్లలు కిడ్నీ నర్సింగ్ నేర్చుకుంటే సొంత ఊళ్ళకి దగ్గరగా పని దొరుకుతుంది, ఊరికీ మేలు.

కమ్యూనిటీ హెల్త్ ఇంకో మంచి దారి. బీఎస్సీ చేసినవాళ్ళని విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో ఎంఎల్‌హెచ్‌పీలుగా (డాక్టరు లేనిచోట క్లినిక్ నడిపే ఆరోగ్య ఉద్యోగులు), నెలకి 25,000 చూపించి తీసుకున్నారు. పగటి పని, బీపీ, షుగరు, గర్భిణులు, ముసలివాళ్ళు. ఒక్కరే బాధ్యత మోయాలి, పక్కన డాక్టరు ఉండరు. కొందరికి అది భయం, నా స్నేహితురాలికి అదే బలం అయింది. మానసిక ఆరోగ్యం వైపు మన జిల్లాల్లో పోయేవాళ్ళు చాలా తక్కువ, ఓర్పు ఉన్నవాళ్ళు అటు కూడా చూడండి.

ఐసీయూలో చేస్తేనే నర్సు అంటారు. నిజమేనా?

ఐసీయూ ఏడాది చేస్తే చెయ్యి స్థిరపడుతుంది, జీతం, విదేశీ అవకాశాలు కూడా పెరుగుతాయి. కానీ బిడ్డకి మూడేళ్ళ లోపు ఉన్నప్పుడు చేయలేకపోతే మీరు తక్కువ నర్సు కాదు. కాన్పుల గదిలో రక్తం ఎక్కువ పోతోందని మొదట గమనించే మనిషి డాక్టరు కాదు, నర్సే.

కాన్పుల పని ఇష్టం. దానికి వేరే చదువు ఉందా?

నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అని 18 నెలల శిక్షణ ఉంది, జీఎన్ఎం, బీఎస్సీ ఇద్దరూ అర్హులే. కేంద్రం 2018లో మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు ఇచ్చాక ఇది ఊపందుకుంది. మామూలు కాన్పుల్ని సొంతంగా నడిపే నర్సుని తయారుచేసే శిక్షణ ఇది. బిడ్డని కన్న తల్లి ఈ పనిలో ఉంటే, నొప్పులు పడే అమ్మాయి చెయ్యి పట్టుకునే తీరే వేరు.

ఎంఎస్సీ ఎప్పుడు చేయాలి?

బీఎస్సీ తర్వాత ఒక ఏడాది పని అనుభవం ఉండాలి, 55 శాతం మార్కులు కావాలి. టీచింగ్ ఉద్యోగం పగటి వేళలది కాబట్టి పిల్లల తల్లులు ఎక్కువగా అడుగుతారు. మంచిదే. కానీ రెండు మూడేళ్ళు వార్డులో పనిచేశాకే పోండి, లేకపోతే విద్యార్థుల ముందు చెప్పడానికి పుస్తకం తప్ప ఏమీ ఉండదు.

## చదువు అయ్యాక

పాసై రిజిస్ట్రేషన్ అయింది. ఇంకో రెండేళ్ళు బిడ్డతో ఇంట్లో ఉంటే అంతా వృథానా?

వృథా కాదు. మన రెండు జిల్లాల ప్రభుత్వ కాంట్రాక్టు స్టాఫ్ నర్సు పోస్టులు గుంటూరులోని జోన్ 3 ప్రాంతీయ కార్యాలయం నుంచి వస్తాయి. ఆ ఎంపికలో 75 మార్కులు చదువులో వచ్చిన మార్కులకి, చదువు పూర్తయిన నాటి నుంచి ఏడాదికి ఒకటి చొప్పున పది దాకా, ప్రభుత్వ కాంట్రాక్టు సర్వీసుకి 15 దాకా ఇస్తూ వచ్చారు. అంటే మీరు ఇంట్లో బిడ్డని ఆడిస్తున్న ఏడాదికి కూడా ఒక మార్కు చేరుతుంది. చదువులో తెచ్చుకున్న మార్కులే అన్నిటికంటే ఎక్కువ బరువు, అందుకే పరీక్షలు గట్టెక్కితే చాలనుకోవద్దు.

చెయ్యి తప్పిపోకుండా చూసుకోండి. వారానికి రెండు రోజులు దగ్గరి నర్సింగ్ హోంలో పగటి డ్యూటీ అడగండి, చాలాచోట్ల ఇస్తారు. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువు తేదీని క్యాలెండర్ మీద బిడ్డ టీకా తేదీల పక్కనే రాసిపెట్టుకోండి. ఉద్యోగంలో చేరే రోజు పదో తరగతి సర్టిఫికెట్, మార్కుల లిస్టులు, రిజిస్ట్రేషన్, కుల ధ్రువపత్రం, లోకల్ స్టడీ సర్టిఫికెట్లు ఒకే ఫైల్లో పెట్టుకుని పోండి. నేను మా పాప పాత పలక సంచిలో పెట్టుకుని పోయాను, గుంటూరులో మూడు గంటలు క్యూలో నిలబడ్డా ఒక్క కాగితం నలగలేదు.